మసక కంటే గరుకే నయం

"షటిల్ మ్యాచ్ ఫొటోలు తీస్తే అన్నీ అలికేసినట్టు వస్తున్నాయండీ, ఏం చెయ్యాలి?" అని ఎవర్నడిగినా మనవాళ్ళ దగ్గర తయారుగా ఉండే జవాబు ఒకటే: "లెన్స్ మార్చండి." ఏ లెన్స్ అంటే 70-200, ఎఫ్ 2.8. ధర లక్షన్నర పైమాటే. అడిగినాయన మారు మాట్లాడకుండా ఇంటికెళ్ళిపోతాడు. లేదంటే వాయిదాల మీద కొనేస్తాడు. కొన్నాక కూడా ఫొటోలు అలికేసినట్టే వస్తుంటే ఈసారి ఎవర్నీ అడగడు, కెమెరాని బీరువాలో పెట్టేస్తాడు.

నా ఉద్దేశంలో ఈ జవాబు సగం తప్పు. మసకకి అసలు కారణం లెన్స్ కాదు, ఐఎస్ఓ పెంచడమంటే మనకున్న భయం. కొత్తగా కెమెరా పట్టినవాళ్ళకి మొదటి రోజే ఎవరో ఒకరు చెప్తారు, "ఐఎస్ఓ 800 దాటించకు, గింజలొస్తాయి" అని. ఆ ఒక్క సలహా చెడగొట్టినన్ని ఫొటోలు ఏ చవక లెన్సూ చెడగొట్టి ఉండదు.

ఇదేదో చిన్న విషయమని మీకనిపించొచ్చు. కానీ హైదరాబాదు సంగతే చూడండి. 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. 2009లో గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. 2012లో సైనాకి కాంస్యం, 2016లో సింధుకి రజతం, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మళ్ళీ సింధుకే కాంస్యం. ఇవన్నీ చూసిన తల్లిదండ్రులు తెల్లారుజామున నాలుగున్నరకి లేచి, పిల్లల్ని బండి మీద కూర్చోబెట్టుకుని కోచింగుకి తీసుకెళ్తున్నారు. ఆ పిల్లల్లో నూటికి తొంభై తొమ్మిది మంది సింధు కారు. అండర్-13 జిల్లా పోటీలో రెండో రౌండు దాకా ఆడతారు, పదో తరగతి రాగానే మానేస్తారు. ఆ మ్యాచ్‌లకి పేపర్ ఫొటోగ్రాఫర్ ఎవరూ రాడు. ఆ పిల్ల గాల్లోకి లేచి స్మాష్ కొట్టిన క్షణం ఎక్కడన్నా మిగలాలీ అంటే వాళ్ళ నాన్న చేతిలోని కెమెరాలోనే మిగలాలి. అది కూడా మసకైపోతే ఇక అంతే, ఆ మ్యాచ్ మళ్ళీ రాదు. అందుకని ఈ సలహా తప్పైతే నష్టం చిన్నదేం కాదు.

ముందు వెలుగు లెక్క

హాల్లోకి అడుగుపెట్టగానే మన కంటికి అంతా వెలుగ్గానే కనిపిస్తుంది. కన్ను చేసే మోసం అది. మిట్ట మధ్యాహ్నం ఎండ సుమారు లక్ష లక్స్ ఉంటుంది. కాలనీల్లోనూ కాలేజీల్లోనూ ఉండే షటిల్ హాలు మూడొందల లక్స్ ఉంటే గొప్ప. అంటే మూడొందల రెట్లు తక్కువ. కన్ను పాపని పెద్దది చేసుకుని, ఇంకా ఏవేవో సర్దుబాట్లు చేసుకుని మనకా తేడా తెలియనివ్వదు. కెమెరాకి ఆ మొహమాటం లేదు.

మూడొందల లక్స్ హాల్లో, సెకనులో వెయ్యో వంతు షట్టర్ స్పీడుతో ఫొటో తీయాలంటే ఎంత ఐఎస్ఓ కావాలో ఉజ్జాయింపుగా చూద్దాం. కెమెరాతో పాటొచ్చే 18-55 లెన్స్‌ని పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. దానికి 25600 కావాలి. లక్షన్నర లెన్స్‌కి, అంటే ఎఫ్ 2.8కి, 6400. పదీ ఇరవై వేల మధ్య దొరికే 50 ఎమ్ఎమ్ ఎఫ్ 1.8 లెన్స్‌కి 2500.

ఈ అంకెలు ఒకసారి సరిగ్గా చూడండి. లక్షన్నర పోసి కొన్నవాడికి కూడా 6400 తప్పలేదు! "800 దాటించకు" అన్న సలహా పాటిస్తే ఆయన షట్టర్ స్పీడు 1/125కి పడిపోతుంది. మసక రాక ఏమొస్తుంది? అందుకే లెన్స్ మార్చినా ఫొటో మారని వాళ్ళు ఇంతమంది ఉన్నారు. లెన్స్ మార్చారు గానీ భయం మార్చలేదు.

ఇక్కడ ఇంకో తిరకాసు కూడా ఉంది. లెన్స్ డబ్బా మీద "ఇమేజ్ స్టెబిలైజేషన్" అని రాసుంటుంది కదా, దాంతో మసక పోతుందనుకుంటారు. అది ఆపేది మన చేతి వణుకుని. కోర్టులో పరిగెత్తే పిల్లని అది ఆపలేదు. గుళ్ళో దీపాలకీ, నిలబడ్డ పెళ్ళికొడుక్కీ బ్రహ్మాండంగా పనికొస్తుంది. షటిల్‌కి దాదాపు దండగ.

ఎంత స్పీడు కావాలి?

మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో గంటకి 565 కిలోమీటర్ల స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు సాధించాడు. (మ్యాచ్‌లో కాదు, జపాన్‌లోని యోనెక్స్ ఫ్యాక్టరీ జిమ్నాజియంలో కొలిచారు.) అంటే సెకనుకి 157 మీటర్లు. 1/1000 దగ్గర షట్టర్ తెరుచుకుని మూసుకునే లోపు ఆ కాక్ పదిహేను సెంటీమీటర్ల పైన ప్రయాణిస్తుంది. కాక్ పొడవే తొమ్మిది సెంటీమీటర్ల లోపు. అంటే వెయ్యో వంతు సెకనులో కూడా అది తన పొడవుని మించి కదిలింది.

ఇది చదివి భయపడక్కర్లేదు. నేను చెప్పొచ్చేది, కాక్‌ని పట్టుకోవాలన్న పట్టుదల మానెయ్యమని. కాక్ తెల్ల గీతలా వచ్చినా, ర్యాకెట్ తల కాస్త సాగినట్టు వచ్చినా ఫొటోకి నష్టం లేదు. ఇంకా దెబ్బలోని ఊపు తెలుస్తుంది. స్పష్టంగా ఉండాల్సింది మొహం, అందులోనూ కళ్ళు. కళ్ళు బాగుంటే చూసేవాళ్ళు మిగతాదంతా క్షమించేస్తారు.

మొహం మరీ అంత వేగంగా కదలదు. కోర్టులో అటూ ఇటూ దూకే ఆటగాడి శరీరం సెకనుకి ఐదు మీటర్ల వేగంతో పోతోందనుకుందాం. 1/125 దగ్గర 4 సెంటీమీటర్లు కదులుతుంది, కన్నూ ముక్కూ కలిసిపోతాయి. 1/500 దగ్గర ఒక సెంటీమీటరు. 1/1000 దగ్గర అర సెంటీమీటరు. అంచేత 1/500 కనీసం, 1/1000 అయితే నిశ్చింత. ఈ ఒక్క అంకెని ముందు ఖాయం చేసుకుని, మిగతావన్నీ దాని చెప్పుచేతల్లో ఉంచాలి. మనం చేసేదేమో దీనికి రివర్సు. ఐఎస్ఓని ఖాయం చేసి స్పీడుని బలిపెడతాం.

ఈ భయం ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఫిల్మ్ రోజుల నుంచి. అప్పట్లో ఐఎస్ఓ అనేది రీలు కొన్నప్పుడే తేలిపోయేది. 100, 200, 400. అంతకన్నా ఎక్కువ కావాలంటే రీలు ప్రియం, ఫొటో చూస్తే రవ్వ ఉప్మా. తొలినాటి డిజిటల్ కెమెరాలు కూడా 1600 దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేసేవి. ఆ రోజుల్లో ఆ సలహా సరైనదే. 2007లో నికాన్ డీ3 వచ్చి 6400ని మామూలు సంగతి చేసింది, కాకపోతే అది మనలాంటివాళ్ళు కొనే కెమెరా కాదు. ఆ తర్వాత ఏళ్ళలో ఆ సత్తా చవక కెమెరాల్లోకి కూడా దిగొచ్చింది. సలహా మాత్రం అక్కడే ఉండిపోయింది. మా రంగంలో కూడా ఇలాంటివి ఉంటాయి. ఎప్పుడో ఎవరో ఒక కారణంతో రాసిన కోడ్, కారణం పోయినా తీసే ధైర్యం ఎవరికీ ఉండదు.

అసలు ఐఎస్ఓ పెంచడం వల్ల గింజలు రావు. వెలుగు చాలకపోవడం వల్ల వస్తాయి. సెన్సర్ మీద పడే వెలుగు చినుకుల్లాంటిది. చినుకులు తక్కువైతే పక్కపక్కనే పెట్టిన రెండు గిన్నెల్లో పడే నీళ్ళకి తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఎక్కువైతే తెలియదు. ఐఎస్ఓ అనేది పడిన నీటిని కొలిచే గీతల్ని మారుస్తుంది గానీ చినుకుల్ని తగ్గించదు. "నేను 800లోనే తీసి తర్వాత కంప్యూటర్లో వెలుగు పెంచుకుంటా" అనేవాళ్ళున్నారు. వాళ్ళకి వచ్చేది అవే గింజలు, చాలా కెమెరాల్లో ఇంకాస్త ఎక్కువే.

ఇక అసలైన వాదన. సిగ్నల్ ప్రాసెసింగ్ పేపర్ గట్టెక్కిన ఇంజనీర్లందరికీ ఇది తెలిసిన సంగతే. గరుకు (అదే, నాయిస్) అంటే ఉన్న సమాచారం మీద పడ్డ దుమ్ము. దాన్ని దులపొచ్చు. 2023లో లైట్‌రూమ్‌లో వచ్చిన డీనాయిస్ లాంటివి ఈ పని ఆశ్చర్యపోయేంత బాగా చేస్తున్నాయి. ఏమీ చేయకపోయినా ఫొటోని చిన్నది చేసి ఫోనులో చూస్తే పక్కపక్క పిక్సెళ్ళు కలిసిపోయి సగం గరుకు దానంతటదే పోతుంది. మసక అలా కాదు. అక్కడ సమాచారమే కలగాపులగం అయిపోయింది. కనురెప్ప ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో సెన్సరుకే తెలియనప్పుడు సాఫ్ట్‌వేర్ ఏం చెబుతుంది? మహా అయితే ఊహించి ఓ కనురెప్ప గీస్తుంది. అది మీ అమ్మాయి కనురెప్ప కాదు.

గరుకుగా ఉన్న ఫొటోని జనం దాచుకుంటారు. మసకగా ఉన్నదాన్ని డిలీట్ చేస్తారు. నాకు తెలిసి ఏ అమ్మమ్మా మనవరాలి ఫొటో చూసి "గింజలెక్కువయ్యాయే" అనలేదు. "మొహం కనబడట్లేదేమే" అనే అంటుంది.

అయితే లెన్స్ దండగేనా?

కాదు. పైన అంకెల్లోనే ఉంది కదా, ఎఫ్ 5.6కీ ఎఫ్ 1.8కీ పది రెట్ల తేడా. నేను కాదంటున్నది లెన్స్‌ని కాదు, ఆ వరసని. కొత్తవాళ్ళు ముందు ఉన్నదాంతోనే 1/500 పెట్టి, ఐఎస్ఓ 12800 పోనిచ్చి ఓ నాలుగు ఆదివారాలు తీయాలి. ఆ తర్వాత కూడా గరుకు మరీ బాధిస్తుంటే 50 ఎమ్ఎమ్ ఎఫ్ 1.8 కొనుక్కోవచ్చు. షటిల్ కోర్టు మొత్తం పొడవు 13.4 మీటర్లే. కోర్టు పక్కన కూర్చునే వీలుంటే ఈ లెన్స్ సరిపోతుంది. క్రికెట్‌లా బౌండరీ అవతల నుంచి తీసే ఆట కాదిది. దీనితో ఒక్కటే జాగ్రత్త. చిన్న సెన్సర్ కెమెరాలో ఆరు మీటర్ల దూరానికి ఎఫ్ 1.8 పెడితే స్పష్టంగా ఉండే మందం మొత్తం మీటరు దాకానే. ఫోకస్ తప్పితే క్షమాభిక్ష లేదు.

"మరి పత్రికల్లో ఇండోర్ ఆటల ఫొటోలు ఒక్క గింజ లేకుండా అద్దంలా ఉంటాయి కదా" అని అడుగుతారు. కొన్నిటి వెనక రహస్యం వేరే ఉంది. అమెరికా బాస్కెట్‌బాల్ ఫొటోలు చాలావరకు స్టేడియం పైకప్పుకి పెద్ద పెద్ద ఫ్లాష్‌లు కట్టి తీసినవి. అంతర్జాతీయ పోటీలు జరిగే హాళ్ళలో టీవీ కోసం పెట్టే దీపాలు మన కాలనీ హాలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వాటితో పోల్చుకుని కుమిలిపోవడం అనవసరం. అన్నట్టు, మనం మాత్రం ఫ్లాష్ వెయ్యకూడదు. పైనుంచి వచ్చే కాక్‌ని చూస్తున్న పిల్ల కళ్ళల్లో ఫ్లాష్ కొడితే పాయింటు పోతుంది, ఒక్కోసారి కన్నుకే ప్రమాదం.

డబ్బు పెట్టకుండా దొరికేవి

అన్నిటికన్నా చవకైనది, ఎవరూ చెప్పనిది ఒకటుంది. ఆట తెలిసుండటం. స్మాష్ కోసం గాల్లోకి లేచిన ఆటగాడు పైన శిఖరం దగ్గర ఒక్క క్షణం ఆగుతాడు. ఇది కవిత్వం కాదు, ఇంటర్ ఫిజిక్స్. శిఖరానికి పదో వంతు సెకను అటూ ఇటూగా శరీరం పైకీ కిందకీ కదిలేది ఐదు సెంటీమీటర్లే. ఆ కాస్త సమయంలో పైకీ కిందకీ ఉండే వేగం సెకనుకి ఒక మీటరు మించదు. అంటే అక్కడ 1/250 కూడా సరిపోవచ్చు. అదే ఆటగాడు నేల మీద పరిగెడుతుంటే చాలదు. కాబట్టి ఎత్తుగా లేచిన కాక్ కనిపించగానే కాక్‌ని వదిలేసి ఆటగాడి మీద ఫోకస్ ఉంచండి, లేచేటప్పుడే నొక్కడం మొదలుపెట్టండి. దెబ్బ చప్పుడు విన్నాక నొక్కితే మీకు దొరికేది కిందకి దిగుతున్న మనిషి. షటిల్ ఆడేవాళ్ళు తీసే ఫొటోలు బాగుండటానికి కారణం ఇదే తప్ప కెమెరా కాదు.

రెండోది, కూర్చునే చోటు. సైడ్‌లైన్‌కి సరిగ్గా మధ్యలో, నెట్ పక్కన కూర్చుంటే ఇద్దరివీ సగం మొహాలే వస్తాయి. ఒక మూలకి, బేస్‌లైన్ వైపుకి జరగండి. అవతలి కోర్టులో ఆడేవాళ్ళ మొహం నిండుగా కనిపిస్తుంది. కింద కూర్చుంటే నెట్ అడ్డమొచ్చి ఫోకస్ దాని మీదికి పోతుంది. గ్యాలరీలో నాలుగు మెట్లెక్కితే నెట్ కిందకి పోతుంది, వెనక చెత్తబుట్టలూ బ్యాగులూ బదులు పచ్చటి కోర్టు వస్తుంది. సర్వీస్ చేసేవాళ్ళ కంటికెదురుగా మాత్రం కదలొద్దు.

మూడోది, ఫోకస్. ఒకసారి పట్టి ఆగిపోయే ఫోకస్ కాకుండా వెంటాడే ఫోకస్ పెట్టుకోండి. కానన్‌లో ఏఐ సర్వో అంటారు (కొత్త వాటిలో పేరు మార్చి సర్వో ఏఎఫ్ అన్నారు), నికాన్, సోనీల్లో ఏఎఫ్-సీ. కొత్త మిర్రర్‌లెస్‌లు కళ్ళని వాటంతట అవే పట్టుకుంటాయి. పాత కెమెరా అయితే మధ్య పాయింటు ఒక్కటే ఉంచి ఛాతీ మీద నిలపండి. మూడు నాలుగు ఫొటోల చిన్న చిన్న గుంపులుగా తీయండి, మిషన్‌గన్‌లా కాదు. లేకపోతే ఆదివారం రాత్రి రెండువేల ఫొటోల్లోంచి ఏరుకుంటూ కూర్చోవాలి.

నాలుగోది, హాల్లో మనకున్న ఏకైక అదృష్టం. మబ్బు పట్టదు, పొద్దుగూకదు. వెలుగు మారదు కాబట్టి మాన్యువల్‌లో మొహం బాగా వచ్చేలా ఒకసారి పెట్టుకుంటే మ్యాచ్ అంతా అదే. ఆటోలో వదిలేస్తే ముదురు రంగు గోడ చూసి ఒకసారి వెలుగు పెంచుతుంది, తెల్ల టీషర్టు చూసి ఒకసారి తగ్గిస్తుంది.

"మారదన్నారు, మరి వరసగా తీసిన మూడు ఫొటోల్లో ఒకటి పచ్చగా, ఒకటి చీకటిగా ఉందేం?" అంటే, అది కరెంటు చేసే పని. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా హాళ్ళలో దీపాలు సెకనుకి వందసార్లు మినుకుతాయి. మన 1/1000 షట్టర్ ఆ మినుకులో పదో వంతు మాత్రమే చూస్తుంది. ఎక్కువ వెలుగు దొరికిందో తక్కువ దొరికిందో మన అదృష్టం. 2014లో కానన్ 7డీ మార్క్ 2తో మొదలుపెట్టి చాలా కెమెరాల్లో యాంటీ ఫ్లికర్ అని ఉంటోంది, అది వేసుకోండి. లేకపోతే రా ఫార్మాట్‌లో తీసి, తర్వాత రంగులు సరిచేసుకోండి. మిర్రర్‌లెస్‌లో చప్పుడు రాని ఎలక్ట్రానిక్ షట్టర్ ఉంటుంది. అది కూడా ఇక్కడ వద్దు, చాలా కెమెరాల్లో ఫొటో మీద చారలు పడతాయి, ర్యాకెట్ అరటికాయలా వంగుతుంది. మామూలు మెకానికల్ షట్టరే మేలు.

కెమెరా లేదు, ఫోనే ఉందంటారా? నైట్ మోడ్ ఆపేయండి. అది నాలుగైదు ఫొటోల్ని కలిపి ఒకటి చేస్తుంది, కదిలే మనిషికి మూడు చేతులొస్తాయి. జూమ్ లెన్స్ జోలికి పోకుండా మెయిన్ కెమెరాతోనే వీలైనంత దగ్గరికెళ్ళి, ప్రో మోడ్‌లో 1/500 పెట్టి చూడండి. అద్భుతాలేం జరగవు గానీ మొహం తెలుస్తుంది.

ఇంత చెప్పినా "ఐఎస్ఓ 6400 ఫొటో పెద్ద ప్రింటు వేస్తే బాగోదు" అనేవాళ్ళుంటారు. నిజమే, కంప్యూటర్లో నూటికి నూరు శాతం పెద్దది చేసి, మానిటర్‌కి ముక్కు ఆనించి చూస్తే బాగోదు. కానీ అలా చూసేది తీసినవాళ్ళొక్కరే. ఇంట్లోవాళ్ళు చూసేది గోడ మీద, ఆరడుగుల దూరం నుంచి. వాళ్ళకి గింజలు కనిపించవు. గాల్లో ఉన్న పిల్లా, పళ్ళు బిగించిన ఆ మొహమూ కనిపిస్తాయి.

కాబట్టి వచ్చే ఆదివారం మ్యాచ్ ఉంటే షాపుకి వెళ్ళకండి. షట్టర్ 1/500, లెన్స్ ఎంత తెరుచుకుంటే అంత, ఐఎస్ఓ ఎక్కడిదాకా వెళ్తే అక్కడిదాకా. గింజలొస్తే రానివ్వండి.